కొసరుతో సహా ఎడమకాలు

ప్రపంచంలో ఉన్న ఫుట్‌బాల్ ఏజెంట్లందరినీ ఒక పక్కన నిలబెట్టి, మా అమ్మమ్మ ఒక్కదాన్నీ ఇంకో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. సాయంత్రానికల్లా ఆ ఏజెంట్లు ఒంటిమీది సూట్లు కూడా ఆమెకే సగం ధరకి అమ్మేసి బనియన్లతో ఇళ్ళకి పోతారు. టైలు కొసరుగా ఇచ్చి మరీ పోతారు. మనవరాలిని కాబట్టి ఇలా అంటున్నానని అనుకోకండి. మనవరాలిని కాకపోతే ఇంకా ఎక్కువే అనేదాన్ని.

మా అమ్మమ్మ బుద్ధెరిగాక ఏదీ చెప్పిన ధరకి కొనలేదు. పెట్టె మీద అచ్చేసిన ధర ఆమె లెక్కలో అచ్చేసినవాడి అత్యాశ, అంతే. ఒకసారి జ్వరం వస్తే డాక్టరు, "మాత్రలు రోజుకి మూడు వేసుకోండి" అన్నాడు.

"మూడా? ఒకటి వేసుకుంటాను."

"ఇందులో బేరం ఉండదమ్మా."

"సరేలే, ఒకటిన్నర."

ఆ డాక్టరు చివరికి రెండుకి దిగాడు. ఆశ్చర్యం ఏమిటంటే, జ్వరం కూడా దిగింది.

ఆమె బేరం ఎప్పుడూ మచ్చతో మొదలవుతుంది. టమాటాని బొటనవేలితో అటూ ఇటూ తిప్పి, దేవుడికి కూడా కనపడని మెత్తటి చోటు పట్టుకుని, "ఇది చూడు నాయనా, ఇంకో పూటకి కుళ్ళిపోతుంది" అంటుంది. కూరగాయల బండాయన ఒట్టేసినా వినదు. అతను దిగకపోతే "అయితే వద్దులే" అని బయల్దేరుతుంది. ఇక్కడే అసలు విద్య ఉంది. ఆమె కుడికాలి చెప్పు వదులు. నాలుగడుగులు వేసేసరికి జారిపోతుంది. జారిన చెప్పుని వెతుక్కోవాలి, దులుపుకోవాలి, వేసుకోవాలి. ఈలోపు వెనక నుంచి, "సరే రండమ్మా, తీసుకోండి!" అని కేక వినపడాలి. వినపడకపోతే రెండో చెప్పు కూడా జారుతుంది. కొత్త చెప్పులు కొనిస్తానని మా అమ్మ అంటే, "బిగుతు చెప్పులతో సంసారం చెయ్యగలమా?" అని కసిరింది.

ధర తెగాక కొసరు. పిడికెడు కొత్తిమీరో, రెండు మిరపకాయలో సంచిలో పడకుండా ఆమె బండి దగ్గర నుంచి కదలదు. "ధర వాడి తృప్తికి, కొసరు నా తృప్తికి" అనేది.

ఆమె చెప్పు పనిచెయ్యంది జన్మలో ఒక్కసారే. నేను లెక్కల్లో తప్పినప్పుడు పెద్ద పంతులమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పాసవడానికి ఎంత కావాలి?"

"ముప్పై అయిదు. మీ అమ్మాయికి ఇరవై ఆరు వచ్చాయి."

"ఇప్పటికి ఇరవై ఆరు ఉంచుకోండి. మిగతా తొమ్మిదీ వచ్చే ఏడాది సర్దేస్తుంది."

పంతులమ్మ నవ్వలేదు. అమ్మమ్మ లేచింది. గుమ్మం దగ్గర కుడి చెప్పు జారింది, తరవాత ఎడమ చెప్పు జారింది, చివరికి చేతిసంచి కూడా జారింది. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. మా ఇద్దరి చదువూ అక్కడితో ఆగింది.

ఇక ఎడమకాలు సంగతి. మా పైవాటాలో ఒక దర్జీ అత్త అద్దెకుండేది. ఆవిడ కొడుకు ఎడమకాలితో బంతి తంతే గోల్‌కీపరు దాన్ని వలలోంచి తీసుకోవడమే తప్ప పట్టుకోవడం ఉండేది కాదు. అందుకే వీధంతా అతన్ని ఎడమకాలు అని పిలిచేది. ఆ కాలు చిన్నప్పుడే మా మెట్ల పక్క కిటికీ అద్దం పగలగొట్టింది. అమ్మమ్మ ఆ రోజే అద్దాలతన్ని పిలిపించి బేరం మొదలుపెట్టింది. ఆ బేరం ఇంకా తెగలేదు. ఎడమకాలికి మీసాలు వచ్చాయి, ఊరి క్లబ్బులో చోటు వచ్చింది, వాళ్ళమ్మ అదే క్లబ్బు జెర్సీల మీద నంబర్లు కుట్టడం మొదలుపెట్టింది, కిటికీకి మాత్రం అద్దం రాలేదు. అమ్మమ్మ రోజూ ఆ ఉత్త కిటికీ దగ్గరే కూర్చుని కూరలు తరుగుతుంది.

ఒకరోజు దర్జీ అత్త మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ! మా వాణ్ణి విదేశీ క్లబ్బు తీసుకుంటుందట! రేపు ఏజెంటు వస్తున్నాడు. మీరు కూర్చోవాలి. సూటు వేసుకున్నవాళ్ళని చూస్తే నాకు కొలతలు తప్ప మాటలు రావు."

ఆవిడ గదిలో మిషనూ గుడ్డలూ పోగా మనిషి నిలబడే చోటు లేదు కాబట్టి, పంచాయితీ మా ముందుగదిలో పెట్టారు. ఎడమకాలు మేనమామ తెల్లారకముందే వచ్చి మంచి కుర్చీ పట్టేశాడు. అమ్మమ్మకి విషయం బోధపరిచే పని ఆయనే ఎత్తుకున్నాడు.

"చూడండి పిన్నిగారూ, వాళ్ళు మన క్లబ్బుకిచ్చే డబ్బు వేరు, మనవాడికిచ్చే జీతం వేరు."

"క్లబ్బుకెందుకు ఇవ్వడం?"

"మనవాణ్ణి వదులుకుంటున్నందుకు."

"నవమాసాలు మోసింది మీ అక్క కదా? ఆవిడ వదులుకోవట్లేదా?"

"ఆటలో అలాంటి రూలు లేదు పిన్నిగారూ" అన్నాడు మేనమామ.

"పిచ్చి ఆట" అంది అమ్మమ్మ.

ఏజెంటు వచ్చాడు. మెరిసే బూట్లు, అంతకంటే మెరిసే పళ్ళు. కూర్చుంటూనే ఏడాది జీతం చెప్పాడు. మేనమామ వేళ్ళ మీద సున్నాలు లెక్కపెట్టి, వేళ్ళు చాలక వాళ్ళక్క చెయ్యి అరువు తీసుకున్నాడు. అప్పటికే ఆయన మనసులో ఇల్లు కట్టి, కారు కొని, ఆ కారుకి ఏ రంగు బావుంటుందా అని ఆలోచిస్తున్నట్టు మొహం చూస్తే తెలుస్తోంది. ఎడమకాలు మాత్రం తలొంచుకుని నేలకేసి చూస్తున్నాడు.

"అంతా?" అంది అమ్మమ్మ. "అంతెందుకు? తగ్గించు."

మేనమామ కుర్చీలోంచి జారాడు. "పిన్నిగారూ! మనం కొనేవాళ్ళం కాదు, అమ్మేవాళ్ళం! పెంచాలి, పెంచాలి!"

"నాకు తెలుసులే, కూర్చో."

ఏజెంటు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "కావాలంటే ఇంకాస్త పెంచమని క్లబ్బుతో మాట్లాడతానమ్మగారూ. అదేం పెద్ద పని కాదు."

"విన్నారా!" అన్నాడు మేనమామ.

"విన్నాను. అడక్కుండానే పెంచుతున్నాడంటే ఎగ్గొట్టడం కూడా వీళ్ళకి పెద్ద పని కాదన్నమాట. తగ్గించు నాయనా."

"జీతం తగ్గించమని అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదమ్మగారూ."

"అయితే వద్దులే" అని అమ్మమ్మ లేచింది.

"అమ్మమ్మా, ఇది మనిల్లే!" అన్నాను నేను.

వినిపించుకోలేదు. గుమ్మం దాటింది. చెప్పు జారింది. వేసుకుంది. వీధిలోకి వెళ్ళిపోయింది. ఇంటావిడే అలిగి వెళ్ళిపోతే వచ్చినవాడు కూర్చోవాలో వెళ్ళాలో ఏజెంటుకి తెలియలేదు. ఎడమా కుడీ చూసి, చివరికి పరుగు లంకించుకున్నాడు.

మేమంతా గుమ్మంలో నిలబడి చూశాం. వీధి చివర కూరగాయల బండి దగ్గర అమ్మమ్మ ఒక టమాటా తీసి, బొటనవేలితో ఒకచోట నొక్కి ఏజెంటుకి చూపిస్తోంది. అతను కళ్ళద్దాలు పైకి తోసి వంగి చూశాడు. తల గోక్కున్నాడు. అడ్డంగా ఊపాడు. అమ్మమ్మ కదిలింది, చెప్పు జారింది, అతను పిలిచాడు. మళ్ళీ ఏదో మాట్లాడుకున్నారు. మళ్ళీ కదిలింది, ఈసారి చెప్పు జారకముందే పిలిచాడు. పని నేర్చుకున్నాడు పాపం.

తిరిగొచ్చేసరికి జీతంలో మూడో వంతు ఎగిరిపోయింది. దానికి బదులు అమ్మమ్మ తెచ్చింది కొసరు. ఆటలో కాలికేమైనా అయితే నయమయ్యేదాకా వైద్యం వాళ్ళదే. జీతం ఆగదు. మధ్యలో ఇంటికి పంపడానికి వీల్లేదు. వాళ్ళమ్మ వెళ్ళి రావడానికి టికెట్టు కూడా వాళ్ళే పంపాలి. వీటితో పాటు ఏజెంటు చేతిలో ఒక కొత్తిమీర కట్ట ఉంది. అదెలా వచ్చిందో అతనికే తెలియదు.

మేనమామ నెత్తి బాదుకున్నాడు. "బంగారం వదిలేసి కొత్తిమీర తెచ్చిందిరా దేవుడా! వాడి కాలు ఉక్కురా! డాక్టర్లు పరీక్ష చేసి మరీ రాసిచ్చారు!"

దర్జీ అత్త కొడుకు మొహం చూసింది. అంతసేపూ నేల చూపులు చూసిన ఎడమకాలు అప్పుడు తలెత్తి, "మామ్మ చెప్పినట్టే కానివ్వండి" అన్నాడు. సంతకం పెట్టాడు. వెళ్ళిపోయాడు.

మా వీధికి మాత్రం తినడానికి ఇంత మేత దొరికింది. దానికి కొత్తిమీర ఒప్పందం అని పేరు పెట్టారు. అమ్మమ్మ కనపడగానే కిరాణా ఆయన, "ఉల్లిపాయల ధర పెంచమంటారా, తగ్గించమంటారా?" అనేవాడు. మంగలాయన, "మామ్మగారూ, మా వాడికి జీతం ఎక్కువైపోయింది, కాస్త మాట్లాడి పెట్టండి" అనేవాడు. ఎడమకాలు డబ్బు పంపినప్పుడల్లా మేనమామ వచ్చి, రావలసింది ఎంతో, వచ్చింది ఎంతో గట్టిగా చదివి వెళ్ళేవాడు. మామూలుగా ఒక మాటంటే పది మాటలకి దిగే మా అమ్మమ్మ, ఈ విషయంలో నోరు విప్పేది కాదు. వంకాయలు తరుక్కునేది. ఆవిడకి మతి పోయిందేమోనని మా అమ్మ నాతో గుసగుసగా అంది కూడా.

రెండో ఏడాది ఎడమకాలు మోకాలు ఆటలోనే కూలిపోయింది.

దర్జీ అత్త మిషను ఆగిపోయింది. ఎందుకంటే అదే క్లబ్బులో పెద్ద పెద్ద జీతాలకి చేరినవాళ్ళిద్దరు అంతకుముందే దెబ్బలు తిన్నారు. వాళ్ళని కుంటుతుండగానే విమానం ఎక్కించారు. జీతం అక్కడితో సరి. మనవాణ్ణి కూడా అలాగే పంపించేద్దామని చూశారట. అప్పుడు ఏజెంటే క్లబ్బువాళ్ళకి అడ్డుపడ్డాడట. "ఈ ఒక్కడి జోలికి వెళ్ళకండి. వీడి వెనక ఒకావిడ ఉంది. ఆవిడ లేచి వెళ్ళిపోవడం మొదలుపెడితే మీ వల్ల కాదు."

వైద్యం జరిగింది. జీతం ఆగలేదు. దర్జీ అత్తకి టికెట్టొచ్చింది. మెడలో టేపుతోనే విమానం ఎక్కింది. అక్కడ కొడుక్కి వండిపెడుతూ, ఊరికే ఉండలేక, ఆ క్లబ్బు ఆటగాళ్ళ ప్యాంట్లన్నీ పొట్టి చేసి వచ్చింది.

సీజను అయ్యాక ఎడమకాలు ఇంటికొచ్చాడు. మెట్లెక్కుతుంటే టకటకా చప్పుడైంది. అమ్మమ్మ తల తిప్పకుండానే, "మోకాలు బాగుపడిందిరా" అంది.

అతను సగం మెట్ల మీద నుంచి దిగొచ్చి, ఉత్త కిటికీ ముందు కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది మాకు.

వెళ్ళకముందే ఆ మోకాలు మొరాయించేదట. సాయంత్రం ఆడి వచ్చాక ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కేవాడట. డాక్టర్ల పరీక్షలో ఏమీ దొరకలేదు. వాళ్ళకి మా మెట్లు లేవు కదా! వాళ్ళమ్మకి మిషను చప్పుడులో వినపడలేదు. అద్దం లేని కిటికీలోంచి అమ్మమ్మకి వినపడింది. "ఏరా, ఎన్నాళ్ళనుంచి?" అని అడిగితే, "ఎవరికీ చెప్పకు మామ్మా, తెలిస్తే నన్నెవరూ తీసుకోరు" అని బతిమాలాడట.

"అయినా ఏజెంటుకి చెప్పేశావు" అన్నాడు ఎడమకాలు నవ్వుతూ. "అక్కడికెళ్ళాక అతనే చెప్పాడు. టమాటా చూపించి, 'మంచి కాయే గానీ ఇక్కడ కాస్త మెత్తబడింది, అందుకే తక్కువకిస్తున్నాను, రేపు మెత్తగా ఉందని తెచ్చి మా గుమ్మంలో పడేస్తే ఊరుకోను' అన్నావట. 'ఎన్నో ఏళ్ళుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, తన సరుకుకి తనే మచ్చ చూపించినావిడని ఒక్కర్తినే చూశాను' అన్నాడు."

"మరి ఎవరికీ చెప్పకు అంటే చెప్పడమేమిటి అమ్మమ్మా?" అన్నాను నేను.

"వాడు ఎవ్వరికీ వద్దన్నాడు. వాడన్న మాటకే ఒప్పేసుకుంటానా? ఒక్కడి దగ్గర తెంచుకున్నాను."

"మరి వీధంతా అన్నేసి మాటలంటుంటే అసలు సంగతి చెప్పొచ్చుగా?"

"ఒక్కడికే అని తెగింది కదే బేరం. తెగాక మళ్ళీ మాట్లాడతారా ఎవరైనా?"

మేనమామ ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. ఈసారి మంచి కుర్చీ అమ్మమ్మకి వదిలేసి తను స్టూలు మీద కూర్చున్నాడు. "పిన్నిగారూ, మా పెద్దాడికి ఓడల కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. జీతం బాగా ఎక్కువిస్తామంటున్నారు. నాకు భయంగా ఉంది" అన్నాడు. ఎడమకాలేమో, తను పగలగొట్టిన అద్దానికి డబ్బు తనే ఇస్తానని పట్టుబట్టాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "ఆ అద్దాలవాడు ఇంకా దిగలేదు" అంది.

అందరూ వెళ్ళాక నేను ఆమె పక్కన చేరి వంకాయలు అందిస్తూ, "అమ్మమ్మా, నన్ను ఏ విదేశీ క్లబ్బుకైనా అమ్మాల్సి వస్తే ఎంత అడుగుతావు?" అన్నాను.

అమ్మమ్మ కత్తి పక్కన పెట్టింది. నా గడ్డం పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో బుగ్గ నొక్కి చూసింది.

"నిన్ను అమ్మడమా? కొసరుగా ఇమ్మని ఎవడైనా అడిగినా సరే, చెప్పు జారకుండా వేసుకుని లేచి వచ్చేస్తాను. ఆ వంకాయ ఇలా ఇయ్యి."