సందుగ మీద అరచెయ్యి

"చదువుకున్న కోడలు వచ్చింది, పాటల పెట్టె మూలుగు మాన్పించింది" అని మా అత్తింటివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. తప్పు. మాన్పింది నా మొగుడు. నేను చేసిందల్లా ఆయన్ని కూర్చోనివ్వకుండా దెప్పడం. పైగా అది గొప్ప సంగతని నేను ఒప్పుకోను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, పట్నంలో తుక్కు కింద అమ్మిన పటాలం సామాను తెచ్చి, బడిపంతులైన మా ఆయన వనపర్తిలో మా ఇంట్లోనే ఒక ఆంప్లిఫయర్ కట్టాడు. గ్రామఫోను పాటను పెద్దది చేసి ఎదుటి గోడ మీది స్పీకరుకు పంపేది. పాట ఆ గోడ మీద. ఆంప్లిఫయర్ మాత్రం ఇక్కడ, చెక్క సందుగ మీద. దాని ట్రాన్స్‌ఫార్మరు కందిరీగల తుట్టెలా గుయ్యిమనేది, బోలు సందుగ దానికి వంత పాడేది.

"పాట వినాల్నా, పిండి గిర్ని వినాల్నా?" అనేదాన్ని.

"నీ నోటి ముందట గదెంత?" అనేవాడు.

మామకు అప్పటికే రెండు చెవులూ పోయాయి. పాన్‌గల్‌లో సేద్యం చేసినన్నాళ్లు భజనలో తాళం ఆయనదే. వినికిడి పోయాక తాళాలు ఎవరికో ఇచ్చేసి మా దగ్గరికి వచ్చాడు. పాట పెట్టగానే సందుగ పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆన్చేవాడు. రెండో చేతి వేలు మోకాలి మీద తాళం వేసేది.

"పాడుతుంది బిడ్డా, మంచిగ పాడుతుంది."

పాట వినడానికి వచ్చిన వాడకట్టు ఆడవాళ్లు ముసిముసిగా నవ్వేవారు. నాకు నామోషీ. ఒకరోజు ఆయన చెయ్యి పట్టి లాగి, సైగ చేసి మరీ చెప్పాను: "తియ్యి మామా, షాక్ కొడ్తది!" కొట్టదని నాకు తెలుసు. వాళ్లంతా పోయాక ఆయన నా వైపే చూస్తూ రెండు వేళ్లు మాత్రం సందుగకు ఆన్చాడు. చూడనట్టు ఊరుకున్నాను.

నా పోరు పడలేక మా ఆయన ట్రాన్స్‌ఫార్మరు ఊడదీశాడు. అదిరే ఇనప రేకుల బోల్టులు బిగించి, సందులు పూడేలా కరిగిన మైనంలో ముంచి, ఆరాక తిరిగి బిగించి, ఆంప్లిఫయర్‌ను సందుగ మీంచి తీసి, గూట్లో నాపరాయి మీద సైకిలు ట్యూబు ముక్కలు పరిచి కూర్చోబెట్టాడు. గుయ్యి లేదు. మొదటిసారి పాట పాటలా వినబడింది. మురిసిపోయాను.

ఆ సాయంత్రం మామ సందుగ మీద చెయ్యి పెట్టాడు. తీసి, మళ్లీ పెట్టాడు.

"నేను చెయ్యి పెడ్తనని బంద్ చేసిన్రా?"

ఆయన చెయ్యి పట్టుకుని స్పీకరు దగ్గరికి తీసుకుపోయాను. వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా. షాక్ కొడ్తదంటివి గద."

మర్నాడు నేనే మా ఆయన్ని బతిమాలి ఆంప్లిఫయర్‌ను మళ్లీ సందుగ మీద పెట్టించాను. మైనం గట్టిపడింది. సందుగ పలకలేదు. మామ దాని పక్కన కూర్చోవడమే మానుకున్నాడు, వేలు ఆడించడమూ మానుకున్నాడు.

అప్పుడూ ఇప్పుడూ నా వాదన ఒక్కటే. ఆ గుయ్యి ఎప్పుడూ ఒకే తీరు, హెచ్చదు, తగ్గదు, అందులో తాళమనేది లేదు. మా ఆయనతో వాదించి గెలిచాను కూడా. మరి ఎదుటి గోడ మీద పాట మారినప్పుడల్లా మామ వేలు కూడా తాళం మార్చేది, కళ్లారా చూశాను. దేన్ని పట్టుకుని మార్చేవాడు?