జొన్నచొప్ప మనిషి

మా చిన్నాయన యుద్ధ విమానం నడిపేవాడు. నల్లమాడ దగ్గర మా ఊళ్ళో సైకిలున్నవాడే గొప్పవాడైన రోజుల్లో ఆయన ఆకాశంలో తిరిగాడు. యుద్ధంలో ఆయన విమానం వెనక్కి రాలేదు. ఆచూకీ లేదని టెలిగ్రాం వచ్చింది. చనిపోయాడని అందులో లేదు. మా ఊరికి ఆ తేడా పట్టలేదు.

ఆ యేడు ఏరువాక దాటినా చినుకు రాలలేదు. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని తేల్చేశారు. “కర్మ చేయని ప్రాణం ఊరి మీద తిరుగుతాంటే వాన యాడ పడుతుందప్పా?” నాయన జొన్నచొప్పతో మనిషిని కట్టించి, తమ్ముడి పంచె చుట్టి, పాడె మీద మోయించి తగలబెట్టాడు. నాకప్పుడు ఆరేళ్ళు. ఒక మోపు చొప్ప నేనూ తెచ్చిచ్చాను. తల్చుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే అసహ్యం. గాజులు పగలగొట్టబోతే చిన్నమ్మ నాయన కాళ్ళు పట్టుకుంది. “నా మొగుడు బతికుండాడు బావా!” వినేదెవరు? వారం తిరక్కుండా వాన పడింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఊరంతా కాకికి దణ్ణం పెట్టింది.

పోయినేడు నేను నాయన ట్రంకుపెట్టె సర్దుతుంటే వాయుసేన ఆఫీసు ఉత్తరం ఒకటి దొరికింది. చొప్పను కాల్చిన రెండు నెలలకు వచ్చిన ఉత్తరం. శత్రువులకు పట్టుబడిన ఒక పైలటుకు ఈ మధ్యనే తీసిన ఫోటో విదేశీ పేపర్లో వచ్చింది, ముఖమంతా కట్లు, మీవాడేమో, ఒంటి మీద పుట్టుమచ్చలు ఏమున్నాయో రాయండి అని. పేపరు ముక్క కూడా జత చేశారు. దాని కిందే నాయన రాసిన జవాబు నకలు. “మావాడికి కర్మలు చేసేసినాము. ఇంక వెదకవద్దు.” అంతే.

పేపరు ముక్కలో విమానం రకం, కూలిన తేదీ ఉన్నాయి, పేరు లేదు. యుద్ధంలో పోయిన విమానాల జాబితా ఇప్పుడు కంప్యూటర్లో ఎవరైనా చూడొచ్చు. చూశాను. ఆ రోజు ఆ రకానివి మూడు పోయాయి. ఒకటి మన నేల మీదే కూలి పైలటు ఇంటికొచ్చాడు. ఇంకొకటి కూలినచోట చాలా ఏళ్ళ తర్వాత పైలటు అస్థికలు దొరికాయి. మూడోది చిన్నాయనది. కట్ల వెనకున్నది ఆయనే. మేము కాల్చిన తర్వాత కూడా ఎక్కడో అన్నం తింటూ, మా కోసం ఎదురు చూస్తూ ఉన్నాడు. విడుదలైన ఖైదీల జాబితాలో ఆయన లేడు. ఇంటివాళ్ళే వద్దన్న మనిషిని ఇంకెవరు అడుగుతారు?

చిన్నమ్మ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, బోసి చేతులతో. నాయననూ ఆమెనూ కూర్చోబెట్టి, ఉత్తరం, జవాబు, జాబితా అన్నీ చదివి వినిపించాను. నాయన మీద అరిచాను కూడా. తొంభై దాటిన మనిషని జాలి కలగలేదు.

“వాన పడింది గదమ్మా,” అన్నాడు నాయన నాతో.

చిన్నమ్మ ఆ ఫోటోను కొంగుతో తుడిచింది. ఇన్నేళ్ళలో ఆమె నాయన ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

“ఆ యేడు వాన ఎన్ని పదునులు పడింది బావా?”

నాయన గోడ వైపు తిరిగి చెప్పాడు.

“ఒకటే. చేన్లో కాయ పట్టలేదు.”