చప్పట్లకు కదిలే రైలు

నాంపల్లి స్టేషన్‌లో రైలు దేనికి కదులుతుందని అడిగితే లోకం పచ్చజెండా పేరు చెబుతుంది. సౌభాగ్యమ్మ ఒప్పుకునేది కాదు. తను ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండు చేతులూ చాచి చప్పట్లు కొట్టనిదే ఇంజిను ఇంచు కూడా జరగదట. ఓసారి తనకు జ్వరమొస్తే రైలు మధ్యాహ్నం దాకా మొరాయించిందట. గార్డే చాయ్ పట్టుకుని గల్లీలోకొచ్చి బతిమాలాడట.

"నమ్మవా ఏందే? గార్డు మీసాలను అడుగు, అవే చెప్తయి!" అనేది.

విని విని జమున సగం నమ్మేసింది కూడా.

ఇద్దరూ మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్లుగా బతికినవాళ్లే. కన్నవాళ్లు తరిమేసిన జమునను చేరదీసి, చీర కట్టడం నేర్పి, స్టేషన్ వెనుక కిరాయి గదిలో ఇంత చోటిచ్చింది సౌభాగ్యమ్మ. అబిడ్స్‌లో ఎవరు కొత్త దుకాణం తెరిచినా ఆమె వచ్చి దీవించాల్సిందే. సేట్లకు ఆ దీవెన గుర్తుండేది. పేరు మాత్రం ఒక్కరికీ గుర్తుండేది కాదు.

హిజ్రాల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి పోతే తమవాళ్లే స్నానం చేయించి, చీర కట్టి, బొట్టు పెట్టి సాగనంపాలి. కన్నవాళ్లకు కబురు అంతా అయ్యాకే. అందుకోసమే సౌభాగ్యమ్మ సుల్తాన్ బజార్‌లో బేరమాడి ఒక ఆకుపచ్చ పట్టుచీర కొని దాచుకుంది.

"గిది కట్టే పంపాలె నన్ను. లేకుంటే దయ్యమై వచ్చి నీ పక్కల పంట. గురక గూడ పెడ్త, చూస్కో!"

ఊపిరి అందని ఓ సాయంత్రం ఆమె "తమ్మీ" అని ఒక్కసారి కలవరించింది. జమున మనసాగలేదు. చివరి చూపన్నా దక్కనీ అనుకుంది. కట్టుబాటు తెలిసి తెలిసీ, ఊళ్లో ఉన్న ఆమె తమ్ముడు కోదండరామయ్యకు ఫోన్ చేసింది.

తెల్లారేసరికి సౌభాగ్యమ్మ పోయింది. జమున స్నానానికి నీళ్లు కాచేలోపే గల్లీలో వ్యాన్ ఆగింది. కోదండరామయ్య తనతో ఒక మంగలిని, ఒక తెల్ల పంచెను తెచ్చాడు.

"మామా, జర ఆగు. అమ్మకు చీర కడ్త. గదే అడిగింది."

"ఎవరికి అమ్మ? గీయన మా అన్న బాలకిషన్. ఊర్లె నలుగురు చూస్తరు. ఇజ్జత్ తియ్యకు."

"ఇన్నేండ్ల సంది నాకు అమ్మనే, మామా."

"గట్లనా? పా, ఠాణకు పోదాం. నువ్వేం చుట్టమో ఆడ చెప్పు."

ఏం చుట్టమని చెబుతుంది? జమున పక్కకు తప్పుకుంది.

మంగలి కత్తెర ఆడింది. రోజూ కొబ్బరినూనె రాసి తను అల్లిన నెరిసిన జడ నేల మీద పడింది. జమున చీర మడతను రెండు చేతులతో ముందుకు పట్టింది.

"పంచె కిందనన్నా పెట్టు మామా. ఎవ్వరికీ కనబడది."

కోదండరామయ్య కళ్లు తడిగానే ఉన్నాయి. అయినా తల అడ్డంగా ఊపాడు.

శవాన్ని వ్యాన్ ఎక్కించారు. డ్రైవర్ తాళం తిప్పాడు. ఇంజిను దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగింది.

జమున ఒక చేత్తో పట్టుచీరను గుండెకు అదుముకుని, రెండో చేతిని వెనక్కి దాచుకుంది. పొరపాటున కూడా అరచేతులు తాకకూడదు.

మూడోసారి ఇంజిను అందుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టకుండానే బండి కదిలింది.