‘బండా’ అంటే చేతులు ఆగాలి

నాకొచ్చిన నాలుగక్షరాలు దుకాణం బోర్డులకే సరిపోతాయి. నేను చెబుతుంటే పక్కింటి వదిన కోడలు రాస్తోంది. ఆమె సిర్పూర్ వైపు పిల్ల, తెలుగు బడిలో చదివింది. చుట్టూ మరాఠీ బడులే ఉన్న మా బాబుపేట్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి నిండా ఉన్నారు, రాసేవాళ్ళనే వెతుక్కోవాలి.

ఈ ఎండాకాలం ఒక కాలేజీ పిల్ల వచ్చింది. మన తెలుగోళ్ళ పిల్లే, చదువంతా మరాఠీలో. మా గని చరిత్ర రాస్తోందట.

"ఇంగ్లీషోళ్ళు రాసిండ్రు ఆజీ, వాళ్ళు పోయినంక మన ఆఫీసర్లు రాసిండ్రు. పనిచేసినోళ్ళు చెప్పింది మాత్రం ఎవ్వలు రాయలే. గందుకే వచ్చిన" అంది, మరాఠీలో నానమ్మను పిలిచినట్టు పిలిచి.

ఆ మాట నాకు నచ్చింది. చాయ్ పెట్టి కూర్చోబెట్టాను. మూడు మధ్యాహ్నాలు చెప్పాను. ముందు మా ఆయన సంగతే అడిగింది. లోపల ఏం పని చేసేవాడు, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఎలా పోయాడు. అన్నీ చెప్పి, ఇక నా పని చెప్పాను.

గని పైన బొగ్గు తిరిగే రబ్బరు పట్టా మీద కదిలి వస్తుంటే, ఆడవాళ్ళం రెండు వైపులా నిలబడి రాళ్ళు ఏరేవాళ్ళం. ఆ దుమ్ములో రాయి కూడా నల్లగానే ఉంటుంది. కంటికి తెలియదు, అరచేతిలో బరువుకు తెలుస్తుంది. ఒక్కరి వల్ల కాని రాయి వస్తే, ముందు చూసినామె "బండా!" అని అరవాలి. అరుపు వినగానే అందరి చేతులూ ఆగాలి, పట్టా ఆపాలి. సూపర్వైజర్ ఎంత తిట్టనీ, బండ తీసేదాకా కదలనిచ్చేవాళ్ళం కాదు. ఒకసారి ఆపనందుకు మాలో ఒక చిన్నదానికి రెండు వేళ్ళు పోయాయి మరి.

నాలుగో రోజు పిల్ల కాగితాలూ సిరా డబ్బీ పట్టుకొచ్చింది.

"గిది నువ్వు చెప్పిందే అని గిక్కడ వేలిముద్ర పెట్టు ఆజీ."

"ముందు చదువు."

"మూడు పేజీలున్నయ్ ఆజీ!"

"ముప్పై ఉండనీ. చదవకుంట పెట్టిన ఒక్క వేలిముద్రకే నా నోకరి పోయింది."

పోయింది నిజంగానే. మెషిన్లు వస్తున్నాయి, ఆడవాళ్ళు మానేస్తే కొడుకులకు నోకరి ఇస్తామని ఆఫీసుకు పిలిచి వరసగా నిలబెట్టారు. అందరం ముద్రలు వేశాం. ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాం అని ఆ కాగితంలో ఉందని బయటికొచ్చాక తెలిసింది. నా ఇష్టం ఎవరడిగారు? ఆ నోకరితో కొడుకు అన్నం తింటున్నాడు, దానికి నాకు ఏడుపు లేదు. ఆ అన్నం ఎక్కడిదో చెప్పకపోతేనే ఏడుపు.

పిల్ల చదవసాగింది. సంతలో ఇన్నేళ్ళు బేరాలాడిన దాన్ని, మరాఠీ నాకు అర్థమవుతుంది. 'భర్త పనికి చేదోడుగా ఉండేది' అనే దగ్గరికి వచ్చింది.

"బండా!" అని అరిచాను.

పిల్ల చేతిలో కాగితాలు జారిపోయాయి. గోడ అవతల వదిన పకపకా నవ్వింది. ఆమె కూడా నాతో రాళ్ళేరినదే. "తియ్యి తియ్యి, పెద్దదే ఉన్నట్టుంది!"

"ఆయన లోపల, నేను పైన. ఆయన పనికి నేనేం చేదోడు పిల్లా? నా హాజరీ నాది. నేను చెప్పింది వినే రాసినవా?"

పిల్ల తల దించుకుంది. "నీ కొడుకే చెప్పిండు ఆజీ. మా అవ్వ ఇంట్లనే ఉంటుండె, బాపుకు సద్ది తీస్కపోతుండె, గంతే అని. నువ్వు చెప్పింది కొంచెమే రాసిన."

ఆఫీసోళ్ళు రాయలేదంటే సరే. వీడు నా కడుపున పుట్టినవాడు.

పిల్లను పోనివ్వలేదు. నేను చెప్పింది చెప్పినట్టు గడప దగ్గర కూర్చొని మళ్ళీ రాసింది, రెండుసార్లు చదివి వినిపించింది. సాయంత్రం డ్యూటీ దిగి కొడుకు వచ్చాడు. టిఫిన్ డబ్బా కింద పెట్టకముందే, నా పని ఎందుకు దాచావని అడిగాను.

"ఇజ్జత్ అవ్వా" అన్నాడు. "పుస్తకం అత్తగారోళ్ళు చూస్తరు, పోరగాండ్లు చూస్తరు. మా అవ్వ రాళ్ళేరింది అని చెప్పుకోవాల్నా?"

"గా రాళ్ళేరిన నోకరే కదరా నువ్వు చేస్తున్నవ్! ఇజ్జత్ లేనిదైతే రేపు పోయి వాపస్ ఇచ్చి రా."

వాడు డబ్బా మూత తిప్పుతూ నిలబడ్డాడు. కాగితాలు వాడి చేతిలో పెట్టించాను. నువ్వు చదివితేనే ముద్ర వేస్తా, లేకపోతే పుస్తకంలో నేనే వద్దు అన్నాను.

చదివాడు. పట్టా, దుమ్ము, పోయిన వేళ్ళు, ఆఫీసు ముందు వరస. ఆ తర్వాత గబగబా చివరికొచ్చాడు.

"బండా!"

"ఏందవ్వా మళ్ళ?"

"ఒకటి మింగినవ్. తియ్యి."

వాడు పిల్ల వైపు చూశాడు. పిల్ల కాగితం మీద వేలు పెట్టి చూపించింది. గొంతులోనే చదివాడు: 'ఆమె ఇష్టపడి మానలేదు. ఇప్పుడు కొడుకు చేస్తున్నది ఆమె నోకరే.'

గోడ అవతలి నుంచి వదిన కేకేసింది. "నాకు ఇనపడలే కొడకా! మళ్ళొక్కసారి!"

వాడు గోడ వైపు తిరిగి, ఈసారి వీధికి వినబడేలా చదివాడు. అప్పుడు సిరా డబ్బీ ఇటు తెమ్మన్నాను.