అల్మారా రేకు మీద సన్నని గీతలు

అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు మేము పాలమూరులో కిరాయి ఇంట్లో ఉన్నాం. అరవైల మొదట్లో సంగతి. అక్కడి బడిలో నాకు ఉద్యోగం రావడంతో, రామన్నపేటలో మగ్గం ఆపేసి అమ్మా బాపూ నా దగ్గరికి వచ్చారు.

దవాఖాన నుంచి వచ్చిన కొన్నాళ్లకు, మందపాటి అద్దాలు పెట్టుకుని అమ్మ మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. ఎదురుగా అల్మారా. ఎలుకలు కొరకకుండా ఇంటి యజమానురాలు దాని తలుపులకు అల్యూమినియం రేకు కొట్టించింది. పొద్దున కిటికీలోంచి ఎండ ఆ రేకు మీద పడి నేరుగా అమ్మ కళ్లలోకి కొట్టేది. కళ్లెంట నీళ్లు కారేవి. కిటికీ మూస్తే పొగ పోదు.

“తలుపుకు గుడ్డ కడదాం” అన్నాను.

“పొయ్యి పక్కన గుడ్డెందుకు బిడ్డా, నిప్పంటుకుంటది” అంది అమ్మ.

బాపు రేకును వేలితో రుద్ది చూశాడు. “గీ మెరుపు పోతే సాలు” అన్నాడు. వెళ్లి యజమానురాలిని అడిగాడు. “అక్కా, అల్మారా రేకు జర గీకుతా. పాడు చెయ్య.”

“నీ ఇష్టం తమ్మీ, చూసెటోళ్లకు మంచిగుండాలె” అందామె.

వడ్రంగులు కట్టెను నున్నగా చేయడానికి వాడే గరుకు కాగితం, రేగ్‌మాల్, బజారు నుంచి తెచ్చాడు. ఒక మూల గుండ్రంగా రుద్దాడు. మెరుపు చావలేదు, ముక్కలైంది. ఎండ పడితే చేప పొలుసుల్లా అన్ని వైపులకూ తళుక్కుమంది. అమ్మ మొహం తిప్పుకుంది.

బాపు అన్నం తింటున్నంతసేపూ ఆ మూలకేసే చూశాడు. చెయ్యి కడుక్కుని తలుపులు ఊడదీసి వాకిట్లో పరిచాడు.

“మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒక్క దిక్కుకే పోతయి గదా. గీత గూడ గట్లనే పోవాలె” అన్నాడు.

రేగ్‌మాల్‌ను చెక్కముక్కకు చుట్టాడు. పక్కన తిన్నని బద్ద ఆనించి, పైనుంచి కిందికి ఒక్క బిగిన లాగాడు. చివరికి రాగానే చెక్క ఎత్తి మళ్లీ పైనుంచి మొదలు. వెనక్కి రుద్దడం లేదు. ముందు గరుకుదానితో పాత గుండ్రాలు చెరిపేసి, తర్వాత సన్నదానితో లాగాడు. నల్లటి పొడిని తడిగుడ్డతో తుడుస్తూ పోయాడు.

అమ్మ పక్కనే కూర్చుని రేకు మీద వేళ్లు నడిపించింది. ఒకచోట ఆగింది. “గీడ వంకర పోయింది.”

బాపు వంగి చూశాడు. “అవు” అని ఆ బారు మళ్లీ లాగాడు. నాకైతే ఆ వంకర కనిపించనే లేదు.

ఆయన నేస్తుంటే ఆమె నూలు కండెలు చుట్టేది. ఒకరి పనిలో తప్పు ఇంకొకరు చెప్పడం, విన్నవాళ్లు కోపం తెచ్చుకోకుండా సరిచేయడం నేను పుట్టినప్పటి నుంచీ చూసిందే. అయినా ఆ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను.

తలుపులు మళ్లీ బిగించాక, మరునాడు ఎండ వచ్చింది. రేకు మీద పడి, కొత్త కోరాబట్ట మీద పరుచుకున్నట్టు మెత్తగా నిలిచింది. సన్నని గీతలు, ఒక్కటీ పక్కదాన్ని తాకకుండా.

“ఎట్లుంది?” అన్నాడు బాపు.

“కండ్లు సల్లగున్నయి” అంది అమ్మ, పిండి కలుపుతూనే.

యజమానురాలు వచ్చి రేకును నిమిరి చూసి, తన వంటింటి తలుపులకు కూడా అట్లాగే చేయమంది.

“రేగ్‌మాల్ తెప్పియ్యి అక్కా, చేద్దాం” అన్నాడు బాపు.

అమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. “నేను గూడ వస్త” అంది.