మత్తడి మీద మూరెడు గోడ

మా చిన్నాయన కొడుకు మొన్న హైదరాబాదు నుంచి ఉత్తరం రాశాడు. వాళ్ల నాన్న పుట్టి నూరేళ్లు నిండుతున్నాయట, చిన్న పుస్తకం వేస్తున్నారట, ఇంటికి పెద్దవాణ్ణి కనుక ముందుమాట నేను రాయాలట. నాకు శ్రమ లేకుండా మొదటి వాక్యం వాడే రాసి పంపాడు: "తెలివీ వివేకమూ ఒక్కచోట చేరిన అరుదైన మనిషి మా నాన్నగారు." మా ఇళ్లలో తండ్రిని బాపు అంటాం, వాడు అలా అనడం ఎప్పుడు మానేశాడో తెలియదు. తెలివి అన్న మాట ఉంచి, వివేకం కొట్టేసి, అదే కాగితం తిప్పి పంపాను. వాడికి కోపం వచ్చిందని విన్నాను. రానీ. నా కోపం వాడి కోపం కంటే వయసులో చాలా పెద్దది.

చిన్నాయన తెలివిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. లక్సెట్టిపేట చుట్టుపక్కల ఆ రోజుల్లో వకాలతు చదివిన దొర ఆయన ఒక్కడే. ఉర్దూలో అర్జీ రాస్తే తహసీలు కచేరీలో గుమాస్తాలు ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. చదరంగంలో అధికారులను రెండు ఆటలు ఓడించి, మూడో ఆట వాళ్లకు అనుమానం రాకుండా తాను ఓడిపోయేవాడు. గోడ గడియారం విప్పి మళ్లీ బిగిస్తే ఒక మర మిగిలింది, అయినా గడియారం నడిచింది. ఆ మరను ఆయన జేబులో వేసుకుని తిరిగి అందరికీ చూపించాడు, అది అవసరం లేనిదని తేల్చింది తానేనని.

పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్లయింది. కోటలాంటి మా దొరల ఇల్లు, మా గడి, ముందు చెప్పులు విడిచి నడిచే అలవాటు ఊరికి తప్పిపోతున్న రోజులు. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అది మాకు నచ్చలేదు. పోయిన పరువును నీళ్లతో తెస్తానన్నాడు చిన్నాయన. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే రాతి కట్టడాన్ని మా వైపు మత్తడి అంటాం. ఆ మత్తడి మీద మూరెడు ఎత్తు గోడ కడితే, వృథాగా పోయే నీరు నిలిచి, ఎర్రటి మా మెట్ట చెల్కలన్నీ వరి మడులవుతాయని ఆయన లెక్క. హైదరాబాదు నుంచి రసమట్టం తెప్పించి, దాని లోపలి బుడగను మాకందరికీ చూపించాడు. గోడ లేచింది. మొదటి ఏడు వానలు తక్కువై నీళ్లు దాని దాకా రానే లేదు. లెక్క తప్పని తేలకపోతే ఒప్పని తేలినట్టేనని అనుకున్నాం.

వద్దన్నవాడు ఒక్కడే, మా ఊరి నీరటి. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీరో చూడడం తాతల నాటి నుంచి వాళ్ల ఇంటి పని. దానికి కొంత మాన్యం ఉండేది. ఆయన రోజూ పొద్దున చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు చెప్పులు లేకుండా నడిచేవాడు. కట్ట వెనక వాలున ఎండ్రికాయల బొక్కల్లో వేలు పెట్టి, మట్టి తీసి వాసన చూసేవాడు. మేం దాన్ని చాదస్తం అనుకునేవాళ్లం. ఆయనకు ఒక్క అక్షరం రాదు.

రెండో ఏడు మఖ కార్తెలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున నీరటి గడ్డపార పట్టుకుని గడికి వచ్చి, వానలోనే వాకిట్లో నిలబడ్డాడు. అరుగు మీద మా బాపు, చిన్నాయన, నేను ఉన్నాం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఏమీ తెలియని వయసని చెప్పుకోలేను.

"బాంచెన్ దొరా, మత్తడి మీది గోడ ఇప్పుడన్న తియ్యనియ్యుండ్రి. కట్ట నిలుస్తది."

"నీళ్లు గోడ ఎక్కనీకి ఇంక జానెడు జాగ ఉన్నది," అన్నాడు చిన్నాయన. "నీకు కట్ట వచ్చి చెప్పిందా?"

"కట్ట చెప్పలే దొరా. పొద్దుగాల నడుస్తుంటే నడుమ కాళ్లకు మెత్తగ తగిలింది."

"తలతోని కాకుండ కాళ్లతోని సోంచాయించేటోడు కాళ్లతోనే పని చెయ్యాలె. గడ్డపార గాడ పెట్టి పో."

నేను నవ్వాను. ఆ నవ్వు గట్టిగానే వినిపించింది. బాపు తమ్ముడి చదువు వైపు చూశాడు, నీరటి వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నీరటి గడ్డపారను గోడకు ఆనించి వెళ్లిపోయాడు. నేరుగా కట్ట కింది గూడేనికి పోయి, ఇల్లిల్లూ తట్టి, పిల్లల్ని, ముసలివాళ్లను, గొడ్లను మిట్టకు ఎక్కించాడు. మధ్యాహ్నం మేం అన్నం తింటుండగా కట్ట సరిగ్గా నడుమ తెగింది. గూడెం కొట్టుకుపోయింది, ఒక్క మనిషీ పోలేదు. మా మడులు మాత్రం నడుములోతు ఇసుక కింద పడ్డాయి.

చిన్నాయన తెలివి అసలు అప్పుడు బయటపడింది. విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసి, ఒక్క పూటలో ఆయన ఉర్దూలో కాగితం చెప్పాడు. నా దస్తూరీ బాగుంటుందని నాచేత రాయించాడు. కట్ట తెగే వేళకు నీరటి కట్ట మీద లేడు. నిజమే. తన గడ్డపార మా గడిలో వదిలి వెళ్లాడు. నిజమే. ఆ సమయంలో అతడు గూడెంలో ఉండగా చూసినవారు ఉన్నారు. అదీ నిజమే. అబద్ధం ఒక్కటీ లేకుండా అంత పెద్ద అబద్ధం కట్టడం సామాన్యుడి వల్ల కాదు. కింద సాక్షిగా నేను సంతకం చేశాను. నీరటి పేరు ఇక్కడ ఎందుకు రాయడం లేదంటే, నా చేత్తో ఆ పేరు రాసింది ఆ కాగితంలోనే. ఇంకోసారి రాసే అర్హత నాకు లేదు.

చావడిలో అధికారి ఒకటే అడిగాడు, కట్ట తెగినప్పుడు కట్ట మీద ఉన్నావా అని. "లేను సర్కార్" అన్నాడు నీరటి. ఎందుకు లేడో చెప్పబోతుండగా గుమాస్తా కలం మూసేశాడు. పనీ పోయింది, మాన్యమూ పోయింది. బయటికి వచ్చాక ఆయన నా దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మీ అచ్చరాలు ముత్యాల లెక్క ఉన్నయని సారు మెచ్చుకున్నడు దొరా," అన్నాడు. తర్వాత కాస్త దగ్గరికి వచ్చి, "కట్ట మల్ల పోసినంక గా గోడ మాత్రం పెట్టకుండ్రి. నీళ్లకు పోయే తొవ్వ ఉండాలె," అన్నాడు. తన మాన్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. తనను ఊరి నుంచి వెళ్లగొట్టినవాళ్ల చెరువు గురించి చెప్పి, మందమర్రి బొగ్గు గనిలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

చిన్నాయన హైదరాబాదుకు మకాం మార్చి పెద్ద వకీలు అయ్యాడు. మేం ఇసుక మడులమ్మి, తర్వాత గడి తలుపులు అమ్మి బతికాం. మా బాపు పోయాక, జరిగింది జరిగినట్టు ఇంకో కాగితం రాశాను, ఈసారి తెలుగులో. ఒక పగటిపూట అది తీసుకుని మందమర్రి కార్మికుల వాడకు వెళ్లాను. నీరటి కొడుకు అప్పుడే గని దిగి వచ్చి, వాకిట్లో మొహం కడుక్కుంటున్నాడు. కాగితం నిలబడే చదివాడు, ఆయనకు చదువు వచ్చు. నన్ను కూర్చోమనలేదు. ఆ వాకిట్లో దొరకు దక్కవలసిన మర్యాద అంతేనని నేనూ ఒప్పుకున్నాను.

"మా బాపు పోయి నాలుగేండ్లాయె," అన్నాడు. "గీ కాయితం ఇప్పుడు ఎవ్వలికి?"

మొదటి కాగితం ఒక్క పూటలో రాశాను, రెండోది రాయడానికి పదకొండేళ్లు తీసుకున్నాను. ఆ మధ్య కాలం నాకు వివేకం నేర్పిందని ఎవరైనా అంటే నమ్మకండి. రెండో కాగితంలో రాసిన ప్రతి మాటా మొదటిదాని మీద సంతకం పెట్టేటప్పుడే నాకు తెలుసు. ఆ పదకొండేళ్లూ కాలం తన దారిన తాను పోయింది, అంతే.