నడిమిట్ట చుట్టూ నీళ్లు నిలిపినాయన

ఆయన్ని మీరే చంపారు. మదనపల్లె నుంచి కుప్పం దాకా, ఎండిన చెరువు కనబడితే చాలు దున్ని టమేటా నాటిన ప్రతి ఒక్కరినీ అంటున్నాను. పుంగనూరు దగ్గరి మా ఊరి నీరుగంటి మొన్న మంగళవారం మధ్యాహ్నం చెరువు తూములో మునిగి చనిపోయాడు. తూము తెరిచి మూసి చేలకు నీళ్లు పంచే మనిషి, పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లలోనే తిరిగిన మనిషి, ఆ నీళ్లలోనే పోవడమేమిటి? ఫోన్ చేసిన మా అన్నను మూడుసార్లు అడిగాను, ఏ నీరుగంటి అని. మా ఊరికి ఇంకో నీరుగంటి ఉంటే కదా!

మా చెరువు నడుమ ఒక మిట్ట ఉంది. కరువులో అక్కడ తుమ్మకంప, రాళ్లు, ఎండిన నత్తగుల్లలు తప్ప ఏమీ ఉండవు. చెరువు నిండితే అదే మిట్ట దీవి అయిపోతుంది. తొంభైలలో ఒక ఏడు కళ్లారా చూశాను. మొదటి వానకు ఆరుద్ర పురుగులు లేచాయి. అన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నాయో, కప్పలు ఊరంతా వినబడేలా అరిచాయి. గడ్డి మోకాలెత్తు పెరిగింది. నెల తిరిగేసరికి తుమ్మచెట్లు తెల్లబడ్డాయి, అన్నీ కొంగలే. గడ్డిలో నీటికోళ్ల గూళ్లు. నీళ్లు చుట్టుముట్టడంతో దాటలేక చిక్కుకున్న కుందేళ్లు నాలుగైదు.

వేటకని మేం కుక్కల్ని తోలుకుపోతే, కట్ట మీద వేపమండ కట్టి నీరుగంటి కూర్చుని ఉన్నాడు. మండ కట్టాడంటే పక్షిపిల్లలు ఎగిరేదాకా మిట్ట మీదికి ఎవరూ పోకూడదు, చెరువులో వల వేయకూడదు. తాతల నాటి కట్టుబాటు. ఏ చట్టంలో ఉందని నేను వాదించాను.

"సదువుకున్నోడివి, నువ్వే సెప్పప్పా. నీ ఇంటి సుట్టూరా నీళ్లొచ్చి నువ్వు మిద్దెక్కి కూసోనుంటే, నేనొచ్చి కాలు పట్టి లాగితే బాగుంటాదా?"

వెనక్కి తిరిగాను. "కుక్కే నయం, నీకన్నా ముందే తిరుక్కునింది" అని నవ్వాడు.

తూము కొయ్యకు చెవి ఆనించి, ఎవరి మడి తడిసిందో ఎవరిది తడవలేదో చెప్పేవాడు. సమానత్వం గురించి నేను వ్యాసాలు రాశాను. ఆయన మాత్రం అన్నిటికన్నా చివరి మడికే ముందు నీళ్లు వదిలేవాడు.

ఈసారి నాలుగేళ్లు వాన లేదు. చెరువు లోపల మిట్ట దాకా టమేటా మళ్లు వెలిశాయి. "నీళ్లు యాడికీ పోలేదప్పా, ఆలస్యంగా వస్తాండాయి, అంతే" అని ఆయనంటే అందరూ నవ్వారు.

వచ్చాయి. మిట్ట మళ్లీ దీవి అయింది, కొంగలు గూళ్లు కట్టాయి. నీళ్లు ఇంకా పెరిగి కోతకొచ్చిన పంట మునుగుతుందని తూము తలుపు గునపాలతో పగలగొట్టారు. చెరువు తగ్గితే మిట్టకు దోవ తేలుతుంది, కుక్కలు గూళ్ల మీద పడతాయి అని ఆయన ఇంటింటికీ తిరిగి చెప్పాడట. ఒక్కరూ కదల్లేదు. వరిగడ్డి మోపు పట్టుకుని ఒక్కడే తూములో దిగాడు. మోపు అడ్డం పడింది. ఆయన పైకి రాలేదు.

ఆ గునపాల్లో ఒకటి మా అన్నది. ఆ మళ్లలో సగం నాది.

అందుకే అడుగుతున్నాను:

చెరువు లోపలి మళ్లన్నీ వదిలేయాలి. ముందు మావి.

తలుపు పగలగొట్టినవాళ్లు పోలీసులకు తమ పేర్లు తామే చెప్పాలి. మా అన్న కూడా.

నీరుగంటి పనికి ఊరిచ్చిన మాన్యం భూమి ఆయన భార్యకే ఉండాలి.

తూముకు ఈ వారమే ఇనుప తలుపు పెట్టాలి. ఆ గడ్డిమోపు ఎన్నాళ్లో ఆగదు. మిట్ట చుట్టూ మోకాటిలోతు నీళ్లు మిగిలాయి. కట్ట మీద కుక్కలు కూర్చుని అటే చూస్తున్నాయి.